తిన్నెబడి తాయమ్మ ట్రైనింగు

తిరుపతి
17-6-1946

పంకజానికి అత్త తాయమ్మ రాయడం.

ఈడ అందరమూ క్షేమం, ఆడ నువ్వు క్షేమమా అని మొదలుపెట్టమని పిల్లోళ్లకు నేనే నేర్పిస్తాను గానీ, ఇప్పుడు నాకే ఆ ఓపిక లేదు. నువ్వు బస్సెక్కి ఎనిమిది దినాలాయ. చేరినావా, లేదా? బొగ్గు గ్యాసుతో నడిచే ఆ బస్సు చంద్రగిరి దాటినాక నిలిచిపోయిందంట, అందరూ దిగి తోసినారంట. నిన్ను గూడా తోయించినారా? చిత్తూరు నుంచి వచ్చే ప్రతి మనిషినీ అడగతా ఉండాను. ఒక కార్డు ముక్క రాసేదానికి తీరిక లేని చదువా అది?

నిన్ను ఎందుకు పంపించినానో మరిచిపోవద్దు. వచ్చే జూన్ లోపల ట్రైనింగు అయిన టీచరు లేకపోతే చిన్నపిల్లల బడికి గుర్తింపు తీసేస్తామని కాగితం వచ్చినప్పుడు నువ్వూ చదివినావు గదా. గుర్తింపు పోతే మన బిడ్డల్ని పెద్దబడిలో చేర్చుకోరు. పూలు కట్టేవాళ్ల వీధిలో, మనింటి తిన్నె మీద ఇరవైరెండేండ్లుగా నేను నడిపిస్తా ఉండే బడి ఆ దినంతో మూత. యాభైరెండేండ్ల దాన్ని, నన్ను ఏ ట్రైనింగులో చేర్చుకుంటారు? మా తమ్ముడి కూతురివి, నా చేతిలో పెరిగినదానివి, స్కూలు ఫైనలు పాసైనదానివి నువ్వుండావు కాబట్టి సరిపోయె. నాకు లేనిది ఆ సర్టిఫికెట్టు కాగితం ఒకటే. దాన్ని తీసుకొని గబగబా వచ్చేయి. పిల్లోళ్లకు చదువెట్ల చెప్పాలో నేను నేర్పిస్తాలే.

మల్లెపూల ఓబయ్య కూతురు తిరుమలమ్మ ఉండాదే, దానిది ఈ యేడూ అదే పాట. అయిదు నిండినాయి, ఇంకా అ ఆల దగ్గరే కూర్చోనుండాది. దాని చెవి మెలిపెట్టీ పెట్టీ నా వేళ్లు నొప్పి పుడతా ఉండాయి. మొండిఘటం.

ఊరగాయ జాడీ హాస్టలు మొత్తానికీ పంచొద్దు.

నీ అత్త
తాయమ్మ


చిత్తూరు
23-6-1946

అత్తకు పంకజం నమస్కారాలు.

బస్సును తోసినాను. ఊరగాయ పంచినాను. రెంటికీ కలిపి ఒకేసారి తిట్టు.

మాకు పాఠం చెప్పేది భారతమ్మ టీచరు. గొంతు పెంచి మాట్లాడేది నేను ఇంతవరకూ వినలేదు, అయినా ఆమె వస్తా ఉంటే మేము పదిమందీ గబుక్కున లేచి నిలబడతాము. మొదటి దినమే మమ్మల్ని చిన్నపిల్లల గదిలో గోడవారగా కూర్చోబెట్టి, "ఒక గంట సేపు ఒక్క బిడ్డను చూడండి. మాట్లాడొద్దు, తాకొద్దు, సాయం చేయొద్దు. చూసింది చూసినట్టు రాయండి" అనింది. నేను అయిదు నిమిషాలకే లేచిపోయి ఒక పిల్లోడి ముక్కు తుడిచినాను. ఇంకేముంది, నన్ను బయట నిలబెట్టింది. "వాడి జేబులో గుడ్డ ఉండాది. వాడే తుడుచుకుంటాడేమో చూడనిచ్చినావా?" అని అడిగింది. మరుసటి దినం చేతులు ఒళ్లో కట్టేసుకొని కూర్చున్నాను. వాడే తుడుచుకున్నాడత్తా! గుడ్డతో కాదు, చొక్కాతో.

ఈడ పిల్లోళ్లు ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్లు పోస్తారు, బియ్యంలో రాళ్లు ఏరతారు, చాపలు మడుస్తారు. ఇదీ చదువేనంట. చేతికి పని వస్తే మనసు నిలబడతాదంట. ఇంక బడికి కొలతలుండాయి. ఒక టీచరుకు ఇరవై అయిదు మంది బిడ్డలే. వెలుతురు ఎడమపక్క నుంచి రావాల. తాగే నీళ్ల కుండకు మూత ఉండాల. కొట్టకూడదు, గిల్లకూడదు, చెవి ముట్టుకోకూడదు.

చదవతా చదవతా నీ కనుబొమ్మలు ఎట్ల పోతా ఉండాయో నాకు తెలస్తానే ఉండాది.

పంకజం


తిరుపతి
2-7-1946

ఏమే పంకజం,

నీ జాబు చూసి నవ్వాలో ఏడవాలో తెలీలా. బియ్యంలో రాళ్లు ఏరడం, చాపలు మడవడం! అది బడి కాదే నాయనా, ఆ హాస్టలు వంటపనంతా పిల్లోళ్ల చేత చేయించుకుంటా ఉండారు. నిన్ను గూడా గోడకు కూర్చోబెట్టి ఊరికే చూడమనేది ఎందుకనుకున్నావు? వాళ్లకు చెప్పేదానికి ఏమీ లేక.

అయినా సరే, చూద్దామని మనవాళ్లకు నేను గూడా చేటల్లో రేషను బియ్యం ఇచ్చినాను. రేషను బియ్యం గదా, రాళ్లకు కరువా! అరగంట సేపు తిన్నె మీద ఒక్క గొంతు లేవలేదు. బడి పెట్టినప్పటినుంచి అట్ల గమ్మున ఉండింది నేనెరగను. నాకే భయమేసింది. అంతలో ఓబయ్య వచ్చినాడు. "ఏమమ్మా, అక్షరాలకని పంపిస్తే నీ వంటకు సాయం చేయిస్తా ఉండావా?" అని కూతుర్ని చంకనేసుకొని పోయినాడు. మూడు దినాలు వాళ్లింటికి తిరిగి, బతిమాలి తెచ్చుకున్నాను. మీ భారతమ్మనడుగు, ఓబయ్యకు ఆ పుస్తకాల్లో ఏం మందు రాసుండాదో.

కొలతల మాటకొస్తే, మనకు ముప్పైనాలుగు మంది ఉండారు. ఏ తొమ్మిదిమందిని వీధిలోకి తోసేది? నువ్వే పేర్లు రాసి పంపించు.

చలి లేకపోయినా చెవులకు గుడ్డ కట్టుకో, ఆ ఊరి గాలి మంచిది కాదు.

అత్త


చిత్తూరు
20-8-1946

అత్తా,

ఓబయ్య సంగతి టీచరుకు చెప్పినాను. ఆమె నవ్వి, "ఆయన్ను గూడా కూర్చోబెట్టి ఒక చేట ఇమ్మను, అప్పుడు వాదించడు" అనింది. చేసి చూడు.

నాకొక సంతోషం. మీకు తెలిసిన బడిని గురించి ఉండేది ఉండేట్టు రాయండి అన్నారు. నేను మన బడిని రాసినాను. నాలుగు పేజీలు! టీచరు రెండు సార్లు చదివి, దాచిపెడతానని బీరువాలో పెట్టింది. అందులో ఏముండాదో ఇప్పుడే చెప్పను. దసరాకు రాలేను, ఆ సెలవుల్లో గూడా మాకు పిల్లలుండారు. వచ్చినప్పుడు నీ ముందర కూర్చొని చదువుతా. నువ్వు మురిసిపోతావు చూడు.

పంకజం


తిరుపతి
6-11-1946

మహారాజశ్రీ ట్రైనింగు టీచరు పంకజాక్షిగారికి తాయమ్మ నమస్కరించి రాసుకునేది.

తమరు రాసిన వ్యాసం నేను విన్నాను. తమరు చదివేదాకా ఆగే పని లేకుండా ఇన్‌స్పెక్టరు గోవిందస్వామిగారే నిన్న మన తిన్నె మీద కూర్చొని వినిపించినారు. ఆయన సంచిలోంచి కాగితం తీస్తానే నేను కనుక్కున్నాను. ఆ గుండ్రటి అక్షరాలు ఎవరు దిద్దించినారు నీకు?

ఒకటి, వెలుతురు చాలదు. రెండు, ముప్పైనాలుగు మంది. మూడు, నీళ్ల కుండకు మూత లేదు. మూత పెడదామని నేను లేచేలోపలే ఆయన టిక్కు కొట్టుకున్నాడు. నాలుగు, పాఠం చెప్తా టీచరు చిక్కుడుకాయలు వలుస్తాది. ఆ పొద్దు గూడా చేటలో చిక్కుడుకాయలే ఉండె, యాడ దాచేది? అట్ల చదువుకుంటా పోయి ఏడోది, టీచరు బిడ్డల చెవులు మెలిపెడుతుంది. ఓబయ్య విన్నాడు. వీధి వీధంతా విన్నాది.

అన్నీ అయినాక చెప్పినాడు. జూన్ నుంచి నువ్వు హెడ్మిస్ట్రెస్సంట. ట్రైనింగు లేని మనిషి పాఠం చెప్పకూడదంట. కావాలంటే పిల్లోళ్లను ఇండ్ల నుంచి పిలుచుకొచ్చి, మళ్లీ దిగబెట్టే ఆయా పని ఇస్తారంట. నా తిన్నె మీద, నా బడికి, నేను ఆయాను.

ఇదేనా నువ్వు దాచిపెట్టిన సంతోషం? నా కుర్చీ కావాలని నోరు తెరిచి అడిగుంటే ఇచ్చుండనా? నీకు ఇవ్వక ఇంకెవరికి ఇస్తాను? నా ఇంట్లో కూర్చొని, నా కూడు తిని, నా తప్పులు లెక్కబెట్టుకుంటా ఉండావని నేనెరగనైతిని.

ఇంక జాబులొద్దు.

తాయమ్మ


చిత్తూరు
9-11-1946

అత్తా,

నన్ను "గారు" అని రాసినావు. అది చదివినప్పటినుంచి అన్నం దిగలేదు.

నేను రాసింది నాలుగు పేజీలు. బాగుచేయాల్సింది మొదటి పేజీలో రాయాల, పోగొట్టుకోకూడనిది తర్వాత రాయాల, అది ఈడి పద్ధతి. జిల్లాలో బడులకు ఏమేం తక్కువో చూసుకోవాలని గోవిందస్వామిగారు వచ్చి అందరివీ మొదటి పేజీలు మాత్రం తీసుకపోయినారు. ఎవరి బడో తెలీదులే అని టీచరు ఇచ్చేసింది. పేర్లు రాయొద్దని ఆమె మాకు ముందే చెప్పింది. నేనే గొప్పకు పోయి, ఆమె చదివినాక బీరువాలో పెట్టేలోపల పైన పెద్దక్షరాలతో "మా అత్త తాయమ్మగారి బడి, తిరుపతి" అని రాసుకున్నాను. తప్పంతా నాదే. ఆయన పేరుండే కాగితం పట్టుకొని నేరుగా నీ దగ్గరికి వచ్చినాడు.

మిగతా మూడు పేజీలు ఇందులో పెట్టినాను. ఒక చోటు మాత్రం చదువు, తర్వాత పొయ్యిలో వేసుకో: "ఈ బడికి గంట లేదు. తల్లులు తెల్లారకముందే పూల పనికి పోవాలి కాబట్టి టీచరమ్మ అప్పుడే తలుపు తీస్తుంది. ఏ బిడ్డ తినకుండా వచ్చిందో ముఖం చూసి చెప్తుంది. ఆ బిడ్డకు ముందు రాగిజావ, తర్వాతే పలక. ఈ పని ఏ కొలతలోనూ లేదు. ఉండాలి."

నీ కుర్చీ నాకెందుకత్తా? నువ్వు ఆయాగా ఉండే బడిలో నేను హెడ్మిస్ట్రెస్ కాను. పెట్టె సర్దినాను. నువ్వు ఊ అంటే రేపే బస్సెక్కుతా.

పంకజం


చిత్తూరు
24-11-1946

అత్తా,

పదిహేను దినాలాయ. తిట్టైనా తిట్టు. పెట్టె ఇంకా విప్పలేదు. ఒకే చీర ఉతుక్కొని కట్టుకుంటా ఉండాను.

పం.


తిరుపతి
3-12-1946

పంకజం,

పెట్టె విప్పు. ట్రైనింగు మానేసి వచ్చినావంటే తలుపు తీయను. నువ్వొస్తే కుర్చీ నాకుంటాదా, బడే ఉండదు.

ఆ మూడు పేజీలు చదివినాను. పొయ్యిలో వేయలా. కానీ చెప్తా ఉండాను విను, మూడు పేజీలు పొగిడినా ఆ ఒక్క పేజీ నొప్పి పోలా. పోకపోతే ఏం చేసినాననుకున్నావు? నువ్వు రాసింది వట్టి మాటని నాకు నేనే చూపించుకోవాలనుకున్నాను. చెవి మెలిపెట్టకపోతే తిరుమలమ్మ మాదిరి మొండి బిడ్డలు ఎట్ల దారికొస్తారు? సరే, మీ భారతమ్మ చెప్పినట్టే ఒక గంట గోడకు కూర్చొని దాన్ని చూస్తాను, అది ఎంత మొండిదో అంతా రాసి పంపిస్తాను అని కూర్చున్నాను.

పది నిమిషాలు అయ్యేసరికి నా నోరు దురద పెట్టె. ఓర్చుకున్నాను. ఆ బిడ్డ చేటలో రాళ్లు ఏరతా ఉండాది, చేటను చూడకుండా. వేళ్లతో తడిమి తడిమి ఏరతా ఉండాది. పలక ఇస్తే ముక్కుకు ఆనించుకునె. ఓబయ్య వీధి మలుపులో నిలబడి చేయి ఊపినాడు, బిడ్డ అటు తిరగనే లేదు. ఆయన దగ్గినాడు, అప్పుడు నవ్వింది.

పంకజం, ఆ బిడ్డకు చూపు లేదే. కంటికి జానెడు దూరం దాటితే దానికి ఏమీ కనపడదు. రెండేండ్లుగా దాని చెవి మెలిపెడతా, మొండిదానా మొండిదానా అంటా ఉండాను. అది ఒక్క మారు గూడా కనపడలేదని చెప్పలేదు, కనపడేదంటే ఏందో దానికి తెలిస్తే గదా చెప్పేది. నేను ఏడ్చినాను. ఓబయ్య ముందరే, వీధిలోనే ఏడ్చినాను. ఆయనే నన్ను సముదాయించినాడు పాపం.

ధర్మాసుపత్రికి తీసుకపోయినాము. డాక్టరు అద్దాలు రాసిచ్చినాడు. అద్దాలు పెట్టుకొని ఇంటికొచ్చి, కొండను చూసి "అది యాడ నుంచి వచ్చె?" అని అడిగింది. ఊరు పుట్టినప్పటినుంచి ఉండే కొండను!

ఆ పొద్దే గోవిందస్వామిగారికి ఒక జాబు రాసినాను. "అయ్యా, మీ పట్టీలో ఏడు తప్పులుండాయి. ఎనిమిదోది మీకూ మా మేనకోడలికీ తెలియదు. నేను ఒక బిడ్డను రెండేండ్లు చూడకుండానే చదువు చెప్పినాను. నా మాదిరి ముసలిదాన్ని చేర్చుకునే ట్రైనింగు యాడన్నా ఉంటే తెలియజేయండి" అని.

నాకు లేనిది కాగితం ఒకటే అని రాసినానే నీకు, ఆ జాబు చించెయ్యి.

అత్త


చిత్తూరు
21-12-1946

అత్తా,

పెట్టె విప్పినాను. చించను, ఏ జాబూ చించను.

నీ జాబు గోవిందస్వామిగారు చేత పట్టుకొని మా టీచరు దగ్గరికొచ్చినాడు. ఇద్దరూ శానా సేపు మాట్లాడుకున్నారు. పదిహేనేండ్లకు మించి పనిచేసిన టీచర్లకని వచ్చే జూన్ ఆఖర్లో ఈడే మూడు నెలల క్లాసు పెడతా ఉండారంట. అది పాసైతే ఆయా మాట లేదు, నువ్వూ పాఠం చెప్పవచ్చు. నాకు మార్చిలో పరీక్ష అయిపోతాది. నేను తిరుపతికొచ్చి బడి పట్టుకుంటా, నువ్వు ఈడికి రా. ఇద్దరు టీచర్లయితే తొమ్మిదిమందిని తోసేసే పని గూడా ఉండదు.

పీటలు శానా పొట్టివి. ఇప్పటినుంచే గొంతుకూర్చోవడం సాధన చెయ్యి.

పంకజం


చిత్తూరు
22-6-1947

పంకజానికి అత్త దీవెనలు.

చేరినాను. బస్సు తోయలేదు, నన్ను చూసి ఎవరూ తోయమనలేదు. హాస్టలు ఆడపిల్లోళ్లంతా నన్ను అవ్వా అంటారు, నేనేమో వాళ్లను తల దువ్వుకోమని తరుముతా ఉండాను. భారతమ్మ నాకంటే పదేండ్లు చిన్నది. అయినా ఆమె వస్తే నేనూ లేచి నిలబడతాను. ఆ పీటల మీద కూర్చునేది ఒకెత్తు, లేచేదానికి ఇద్దరు కావాల.

ఇప్పుడు అసలు సంగతి. అన్ని కాగితాలూ ఇచ్చినాను, ఒకటి తక్కువైంది. నేను పనిచేసే బడి హెడ్మిస్ట్రెస్ నా పనితనాన్ని గురించి రాసి సంతకం పెట్టాలంట. అది ముప్పయ్యో తేదీ లోపల రాకపోతే మూట కట్టుకొని పొమ్మంటారు. మళ్లీ ఈ క్లాసు ఎప్పుడు పెడతారో ఎవరికీ తెలీదు, నేను ఆయాగానే ముసలిదాన్నైపోతాను.

హెడ్మిస్ట్రెస్ అంటే నువ్వే గదా. మొగమాటపడొద్దు. అయినవాళ్లు అని వెనకేసుకొచ్చినట్టు కనపడితే తోసేస్తారంట. ఉండేది రాయి. నాకు కోపమొస్తాది, రానీ. అది నేను చూసుకుంటా.

తిరుమలమ్మ ఎంతవరకు చదివిందో రాయి.

అత్త


తిరుపతి
25-6-1947

అత్తా,

కాగితం ఇందులో పెట్టినాను. నాలుగు మార్లు రాసి చించేసినాను. పేరు కింద హెడ్మిస్ట్రెస్ అని రాసేదానికి చేయి రాలా, రాయకపోతే చెల్లదు గదా అని రాసినాను.

తిరుమలమ్మ గుణింతాలు దాటేసింది. పక్కనుండే వాళ్లకు గూడా అదే చెప్తా ఉండాది, నీ గొంతుతో.

పంకజం

"తాయమ్మగారు ఈ బడిలో ఇరవైమూడేండ్లుగా పనిచేస్తున్నారు. కోపం ఎక్కువ. వెలుతురు, నీళ్ల కుండ, బిడ్డల సంఖ్య గురించి ఎవరైనా చెప్పేవరకు పట్టించుకోలేదు. బిడ్డల చెవులు మెలిపెట్టే అలవాటు ఉండేది. గడిచిన డిసెంబరు నుంచి లేదు. తన తప్పును ఏ ఇన్‌స్పెక్టరూ చూడకముందే తానే చూసి, తానే పై అధికారికి రాసినారు. ఆకలితో వచ్చిన బిడ్డను గుర్తుపట్టడంలో ఈమెకు ఎవరూ నేర్పించనవసరం లేదు. మిగతాది నేర్పించవచ్చును."


చిత్తూరు
1-7-1947

పంకజం,

చేర్చుకున్నారు.

నీ కాగితాన్ని భారతమ్మ తనలో తాను చదువుకొని, మడిచి బీరువాలో పెట్టబోయింది. ఇట్లియ్యమ్మా అని అడిగి తీసుకున్నాను. నాలుగు జిల్లాల నుంచి వచ్చిన టీచర్లం, తలలు నెరిసినవాళ్లం, పద్దెనిమిదిమందిమి ఉండాము. వాళ్ల ముందర నిలబడి, కోపం ఎక్కువ దగ్గర్నుంచి గట్టిగా చదివినాను, చెవి సంగతితో సహా. ఒక్క మాట గూడా వదల్లా.

ఎవరూ నవ్వలేదు. వెనక వరసలో కడప నుంచి వచ్చిన పెద్దామె ఒకతె లేచి, "నేను బెత్తం వాడతాను" అనింది. ఆమె కూర్చోకముందే ఇంకొకామె లేచింది.

అత్త